రైళ్లు చూడాలంటే ఏ దారికి వెళ్లాలి? పట్టాల పక్కన పెరిగినవాళ్లకు ఒక పోలిక

రైలు గేటు పడగానే బస్సులో అందరూ విసుక్కుంటుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి సంబరపడే పిల్లలు కొందరుంటారు. వాళ్లే పెద్దయ్యాక, నాలుగు రోజులు సెలవు దొరికితే, ‘ఎక్కడికైనా రైళ్లు చూడటానికి వెళ్దాం’ అంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని ‘రైల్లో ఎక్కడికైనా వెళ్దాం’ అని వింటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రైలెక్కినవాళ్లకు లోయ కనిపిస్తుంది, జలపాతం కనిపిస్తుంది, సొరంగంలో చీకటి కనిపిస్తుంది. కనిపించనిది రైలొక్కటే. అందమైన రైలు ప్రయాణాలంటూ చెప్పే జాబితాల్లో అరకు, ఊటీ, దూద్‌సాగర్, డార్జిలింగ్ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ప్రకృతి కోసం వెళ్లేవాళ్లకు ఆ వరుస సరిపోతుంది. చిన్నప్పుడు గట్టు మీద నిలబడి ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా కళ్లప్పగించి చూసినవాళ్లకు సరిపోదు. కూర్చునే చోటు కంటే నిలబడే చోటు వాళ్లకు ముఖ్యం. అందుకే ఇక్కడ ఆరు మార్గాలను ఆ కోణంలో పోల్చి చూస్తున్నాను. నాలుగు తెలుగు నేల మీద కొంతైనా నడిచేవి లేదా ఇక్కడి నుంచి నేరుగా రైలున్నవి, రెండు కాస్త దూరం.

## ముందు తేల్చుకోవాల్సినవి

మీ జ్ఞాపకం కంటిదా, చెవిదా? ఇది వింత ప్రశ్నలా అనిపించినా, ఎంపిక సగం దీని మీదే తేలిపోతుంది. కొందరికి గుర్తుండేది రూపం: నల్లటి ఇంజను, ఎర్ర పెట్టెలు, చివరి పెట్టె వెనుక పెద్ద గుణకారం గుర్తు. కొందరికి గుర్తుండేది చప్పుడు. రాత్రి దూరం నుంచి వినిపించే కూత, ఆ తరువాత పట్టాల మీద టకటక.

ఆ టకటక ఇప్పుడు ప్రధాన మార్గాల మీద దాదాపు లేదు. వెనుకటి రోజుల్లో బ్రాడ్‌గేజ్ మీద 13 మీటర్ల పట్టా ముక్కలను ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప పలకలతో కలిపి బిగించేవారు. చక్రం ప్రతి అతుకు మీదుగా దాటినప్పుడు ఒక దెబ్బ. ఇప్పుడు ముక్కలన్నింటినీ వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున ఒకే పట్టాగా చేస్తున్నారు కాబట్టి దెబ్బ లేదు. అతుకులున్న పాత లైను ఎక్కడైనా దొరికితే ఒక సరదా లెక్క చెయ్యవచ్చు. ఒక చక్రం చేసే ‘టక్’ను మాత్రమే పట్టుకుని 47 సెకన్లలో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కపెడితే, ఆ అంకె గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో చెబుతుంది. పదమూడు మీటర్ల లెక్క అలా కలిసి వస్తుంది.

ఎంతసేపు ఎదురుచూడగలరు? రోజుకు రెండు ప్యాసింజర్లు నడిచే అడవి లైను పెద్దవాళ్లకు ధ్యానం, అయిదేళ్ల పిల్లలకు శిక్ష. పిల్లలతో వెళ్తుంటే బండ్లు వరుసగా వచ్చే చోటే మంచిది.

నిలబడటానికి చట్టబద్ధమైన చోటు ఉందా? చిన్నప్పుడు పట్టాల పక్కన మేకలతో పాటు తిరిగిన మాట నిజమే గానీ, రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా అప్పటి లైన్లకు చాలా చోట్ల కరెంటు లేదు. ఇప్పుడు నెత్తిన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది. కాబట్టి ప్లాట్‌ఫారం, నదీ ఘాట్లు, రోడ్డు వంతెన, గేటు బయటి రోడ్డు: వీటి నుంచి ఎంత బాగా కనిపిస్తుందన్నదే నా కొలత.

మలుపులున్నాయా? బండి ఎక్కక తప్పని మార్గాల్లో ఇదొక్కటే ఊరట. మలుపు గట్టిగా ఉంటే మీరెక్కిన బండి ఇంజను మీకే కనిపిస్తుంది. ఎక్కుతూనే చూడటమన్నమాట. అందుకు చివరి పెట్టెల్లో చోటు తీసుకోవాలి. ముందు పెట్టెల్లో కూర్చుంటే వెనక్కి తిరిగి చూస్తూ మెడ పట్టేస్తుంది.

ఈ కొలతలతో చూస్తే ఆరూ ఇలా ఉంటాయి:

| మార్గం | బయట నిలబడి చూడటానికి | ఎక్కి వెళ్లడానికి | ఎదురుచూపు | అనువైన కాలం |
|---|---|---|---|---|
| రాజమహేంద్రవరం గోదావరి వంతెనలు | చాలా బాగు | కొద్ది నిమిషాలే | తక్కువ | ఏడాది పొడవునా, వేసవి మధ్యాహ్నాలు తప్ప |
| కొత్తవలస–కిరండూల్ (అరకు) | స్టేషన్ల నుంచి బాగు | చాలా బాగు | మధ్యస్థం | అక్టోబరు నుంచి ఫిబ్రవరి |
| నంద్యాల–గిద్దలూరు (నల్లమల) | కష్టం | బాగు | ఎక్కువ | వానల తరువాత |
| కాజిల్ రాక్–కులెం (దూద్‌సాగర్) | దాదాపు కుదరదు | చాలా బాగు | ఎక్కువ | జులై నుంచి సెప్టెంబరు |
| మెట్టుపాళయం–ఊటీ (నీలగిరి) | బాగు | చాలా బాగు | ఎక్కువ | జనవరి నుంచి మే |
| డార్జిలింగ్ | చాలా బాగు | బాగు | తక్కువ | అక్టోబరు–డిసెంబరు, మార్చి–ఏప్రిల్ |

## గోదావరి వంతెనలు

నన్నడిగితే తెలుగువాళ్లకు మొదటి ఎంపిక ఇదే. ఇంత సులువుగా చేరుకునే చోట, ఇంత పొడవైన బండిని, మొదటి నుంచి చివరి దాకా ఒకే చూపులో పట్టుకునే వీలు మరెక్కడా తేలిగ్గా దొరకదు. గట్టు మీద నిలబడితే నది వెడల్పంతా మీ ముందు ఖాళీగా ఉంటుంది. చెట్లు అడ్డం రావు, గోడలు అడ్డం రావు.

ఇక్కడున్నవి మూడు తరాల వంతెనలు. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెనకు 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు). దాదాపు శతాబ్దం పాటు మద్రాసు–హౌరా బండ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. రాతి స్తంభాలు, ఇనుప గర్డర్లు ఇంకా నిలిచే ఉన్నాయి. రెండోది 1974లో వచ్చిన రోడ్డు, రైలు వంతెన: కింద బండి, పైన బస్సు. మూడోది 1997లో పూర్తయిన కాంక్రీటు ఆర్చీల వంతెన. 97.55 మీటర్ల చొప్పున 28 స్పాన్లు, వరుసగా వంగిన విల్లులు. క్యాలెండర్ల మీదా సినిమాల్లోనూ కనిపించేది ఇదే.

చెవి జ్ఞాపకం ఉన్నవాళ్లు రోడ్డు, రైలు వంతెన వైపు, కంటి జ్ఞాపకం ఉన్నవాళ్లు ఆర్చీల వైపు ఉండాలి. ఉక్కు గర్డర్ల మధ్య నుంచి గూడ్సు బండి వెళ్తే పుట్టే దడదడ కాంక్రీటు మీద పుట్టదు. ఆర్చీల వంతెన మీద మాత్రం సాయంత్రం వేళ పెట్టెలు ఒక్కో విల్లు కింద నుంచి దాటుకుంటూ పోతుంటే, మీ చిన్నప్పటి బొమ్మల పుస్తకం ఎవరో తెరిచినట్టుంటుంది. పుష్కర ఘాట్ పరిసరాల నుంచి పాత వంతెనా, ఆర్చీల వంతెనా రెండూ కనిపిస్తాయి. పిల్లలు మెట్ల మీద కూర్చోవచ్చు, పెద్దవాళ్లకు ఎక్కే దిగే పని తక్కువ, ఆకలేస్తే ఊరు పక్కనే ఉంది.

హౌరా–చెన్నై ప్రధాన మార్గం కాబట్టి బండ్లకు కొదవ లేదు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్, 1977 నాటి కోరమాండల్, 2023 సంక్రాంతి నాడు మొదలైన సికింద్రాబాదు–విశాఖ వందేభారత్, మధ్యమధ్యలో బొగ్గు గూడ్సులు. ఒకే గట్టు మీద కూర్చుని తాతా మనవడూ తమ తమ కాలం బండ్లను చూడవచ్చు. మనవడు వందేభారత్‌కు చప్పట్లు కొడతాడు. తాతగారు గూడ్సు వ్యాగన్లు లెక్కపెడతారు. పెట్టె పైన మూతలేని బొగ్గు గూడ్సు అయితే 58, 59 రావాలి. అంతకు తగ్గితే లెక్క తప్పిందో, వ్యాగన్లు తగ్గాయో వాళ్లే తేల్చుకోవాలి.

లోటు ఏమిటంటే, ఎక్కే ఆనందం మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. కొవ్వూరులో ఎక్కి రాజమహేంద్రవరంలో దిగి, కిటికీలోంచి నదిలోకి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకుంటే సరి. నాలుగు రోజుల సెలవుకు ఇదొక్కటే సరిపోదు. ఒక సాయంత్రం, మరునాడు ఒక పొద్దు, అంతే దీని కొలత.

## అరకు లైను

దీన్ని అందరూ ‘అరకు రైలు’ అంటారు గానీ, రైల్వేవాళ్లు పిలిచే పేరు కేకే (కొత్తవలస–కిరండూల్) లైను. ఈ లైను పుట్టింది పర్యాటకుల కోసం కాదు. 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి, జపాన్ సాయంతోనే తూర్పు కనుమలను తొలిచి వేశారు. మొత్తం దాదాపు 445 కిలోమీటర్లు. సొరంగాలు 58 అని, పెద్ద వంతెనలు 84 అని చెబుతారు. ఈ పుట్టుక కథ తెలిస్తేనే అక్కడ ఏం చూడాలో తెలుస్తుంది. చూడాల్సింది లోయ కాదు, ఖనిజం గూడ్సు.

ఘాట్ దిగే ఖనిజం బండికి ఒక ఇంజను చాలదు. రెండు మూడు ఇంజన్లు జట్టుగా కట్టి, బ్రేకుల బలం మీద మెల్లగా దింపుతారు. ఎర్రటి దుమ్ము కప్పిన వ్యాగన్లు, వాటి ముందు అంతే ఎర్రబారిన ఇంజన్లు. ప్యాసింజరులో వెళ్తున్నప్పుడు త్యాడ, చిమిడిపల్లి, కరకవలస లాంటి స్టేషన్లలో క్రాసింగు పడితే మిగతా ప్రయాణికులు గడియారం చూసుకుంటారు. మనం మాత్రం ప్లాట్‌ఫారం వైపు తలుపు దగ్గరకు వెళ్లి ఎదురుగా వచ్చే బండి కోసం చూస్తాం. రెండో లైను పనులు సాగుతున్నాయి. అవి ముగిసేకొద్దీ ఈ క్రాసింగులు తగ్గుతాయి. కాబట్టి ఇలాంటి ఆలస్యాలను ఇష్టపడేవాళ్లు తొందరపడటం మంచిది.

సిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కశ్మీరు లైను రాకముందు బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదిగా పేరు. ఇప్పుడు ఆ పేరు లేకపోయినా ప్లాట్‌ఫారం మీద చలిగాలి అలాగే ఉంటుంది.

టికెట్టు దగ్గర రెండు దారులున్నాయి. 2017లో ప్రవేశపెట్టిన విస్టాడోమ్ బోగీలో పైకప్పుకూ అద్దాలే, కుర్చీలు చుట్టూ తిరుగుతాయి. పెద్దవాళ్లకు, ఫోటోలు తీసేవాళ్లకు హాయి. కానీ అద్దం మూసి ఉంటుంది. ఇంజను కూత సగమే వినిపిస్తుంది, సొరంగంలోకి దూరినప్పుడు ముఖానికి కొట్టే తడిగాలి అసలే తగలదు. చిన్నప్పటి ప్రయాణం కావాలనుకుంటే మామూలు స్లీపరు లేదా జనరల్ పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి. వెళ్లేటప్పుడు మామూలు పెట్టె, వచ్చేటప్పుడు విస్టాడోమ్ అన్నది నా సలహా. ఎందుకంటే వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు.

వానాకాలంలో కొండచరియలు విరిగిపడి బండ్లు రద్దు కావడం ఈ లైనుకు కొత్త కాదు. పచ్చదనం కోసం ఆగస్టులో వెళ్లాలనుకునేవాళ్లు రోడ్డు మార్గాన తిరిగి రావడానికి కూడా సిద్ధపడి వెళ్లాలి.

## నల్లమల ఘాట్

నంద్యాల నుంచి గాజులపల్లె దాటగానే అడవి మొదలవుతుంది. చలమ, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు దాకా ఉన్న ఈ ఘాట్ గురించి పర్యాటక పుస్తకాలు పెద్దగా మాట్లాడవు. 1880ల్లో వేసిన మీటర్‌గేజ్ లైను ఇది. 1990ల్లో బ్రాడ్‌గేజ్‌గా మార్చినప్పుడు కొన్నిచోట్ల దారినే మార్చేశారు. పాత దారిలోని దొరబావి వంతెన అడవిలో మిగిలిపోయింది. పొడవాటి రాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి, వాటి మీద బండి లేదు.

గుంటూరు–గుంతకల్లు మీటర్‌గేజ్ బండ్లలో తిరిగిన తరం వాళ్లకు ఈ మార్గం మరే మార్గమూ ఇవ్వలేనిది ఇస్తుంది. మిగతావాళ్లకు మాత్రం నేను గట్టిగా చెప్పను. బయట నిలబడి చూసే చోట్లు దాదాపు లేవు. చుట్టూ పులులు తిరిగే అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. బండ్లు తక్కువ. పగటి వేళ ఘాట్ దాటే బండిని వెతికి పట్టుకోవాలి. లేకపోతే కిటికీలో మీ ముఖమే మీకు కనిపిస్తుంది.

## దూద్‌సాగర్

కర్ణాటకలోని కాజిల్ రాక్ నుంచి గోవాలోని కులెం దాకా 26 కిలోమీటర్ల దిగుడు. ప్రతి 37 మీటర్లకు ఒక మీటరు వాలు. బ్రాడ్‌గేజ్‌కు ఇది చాలా నిటారు. ఎక్కే బండి వెనుక బ్యాంకర్ ఇంజన్లను తగిలించి నెట్టిస్తారు. ఆ తగిలించే తతంగం, కులెం ప్లాట్‌ఫారం మీద, రైళ్లంటే ఇష్టపడేవాళ్లకు జలపాతం కంటే పెద్ద వినోదం. జలపాతం ఎత్తు దాదాపు 310 మీటర్లు. దాని ముందున్న వంతెన మీదుగానే బండి వెళ్తుంది.

ఫోటోల్లో మనందరం చూసిన దృశ్యం బయటి నుంచి తీసింది: పాలనురుగు ముందు సన్నని రైలు. ఆ దృశ్యం కోసం పట్టాల వెంట నడిచి వెళ్లేవాళ్లను రైల్వే గట్టిగా అడ్డుకుంటోంది. 2023 జులైలో అలా వెళ్లిన పర్యాటకుల చేత రైల్వే పోలీసులు గుంజీలు తీయించిన వీడియో దేశమంతా తిరిగింది. అంటే చూడటానికి వెళ్లినవాళ్లకు ఇక్కడ మిగిలేది ఎక్కడమే. బడిలో తీసిన గుంజీలు మళ్లీ గుర్తు చేసుకోవాలనుకుంటే తప్ప ఆ నడక జోలికి వెళ్లవద్దు.

హౌరా వైపు నుంచి వాస్కోకు వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ గోదావరి వంతెన, నల్లమల, దూద్‌సాగర్ మూడింటినీ ఒకే ప్రయాణంలో దాటుతుంది. వినగానే ఆశ పుడుతుంది గానీ నల్లమల రాత్రి పూట వస్తుంది. మూడింట రెండు దక్కుతాయి. ఒక్క టికెట్టుకు అది నష్టమేమీ కాదు. రోజూ నడిచే బండి కాదు కాబట్టి తేదీలు ముందే చూసుకోవాలి.

## నీలగిరి

ఆవిరి ఇంజను జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఈ మాట సూటిగా చెప్పవచ్చు. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి. ఇప్పటికీ టికెట్టు కొనుక్కుని, ఆవిరి ఇంజను నెడుతుంటే కొండెక్కాలంటే మెట్టుపాళయం వెళ్లాల్సిందే.

46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యన పళ్ల పట్టా ఉంటుంది. ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. వాలు 12 మీటర్లకు ఒక మీటరు. లైను 1899లో కూనూరు చేరింది, 1908లో ఊటీ. ఒకప్పుడు ఇంజన్లు స్విట్జర్లాండు నుంచి వచ్చాయి, తరువాత తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ కార్ఖానాలోనే కొత్తవి చేశారు.

చూసేవాళ్లకు దీనిలో ఉన్న సుఖం మరొకటి. ఇంజను వెనుక నుంచి నెడుతుంది, నీళ్ల కోసం దారిలో ఆగుతుంది. హిల్‌గ్రోవ్ లాంటి స్టేషన్లో బండి ఆగినప్పుడు అందరూ దిగి ఇంజను దగ్గరకు వెళ్లవచ్చు. వేడి నూనె వాసన, బుసబుస, పిస్టన్ల పక్క నుంచి చిమ్మే ఆవిరి. ఎక్కినవాళ్లే చూసేవాళ్లు కూడా అయ్యే మార్గం దేశంలో ఇదొక్కటే అనడానికి నేను వెనుకాడను. ప్రతి పెట్టె ముందూ జెండా పట్టుకుని బ్రేకుమనిషి నిలబడి ఉంటాడు. పిల్లలకు డ్రైవరు కంటే ఆయనే ఎక్కువ నచ్చుతాడు.

ఇబ్బందులూ తక్కువేమీ కాదు. మెట్టుపాళయం నుంచి రోజూ నడిచే బండి ఉదయం ఒకటే, సీట్లు కొన్నే. కోయంబత్తూరు దాకా రైల్లో వెళ్లి, ముందు రాత్రే మెట్టుపాళయం చేరి ఉండాలి. అడ్వాన్సు రిజర్వేషను గడువు ఇప్పుడు 60 రోజులు. తెరిచిన రోజునే ప్రయత్నించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు చరియలు పడి రోజుల తరబడి ఆగిపోతుంది. అయిదు గంటలు ఇరుకు సీట్లో కూర్చోలేని పెద్దవాళ్లుంటే కూనూరు–ఊటీ మధ్య మాత్రమే ఎక్కించండి. ఆ ముక్కలో సాధారణంగా డీజిల్ ఇంజనే ఉంటుంది, ఆవిరి ఆశ వదులుకోవాలి. కానీ కూనూరు ప్లాట్‌ఫారం మీద నిలబడి మెట్టుపాళయం నుంచి పొగలు కక్కుతూ వచ్చే ఇంజనును చూసే వీలుంటుంది. నా దృష్టిలో అది చెడ్డ బేరం కాదు.

## డార్జిలింగ్

దూరం ఎక్కువ, ఖర్చు ఎక్కువ. అయినా ఇక్కడ పేర్కొనడానికి కారణం ఒకటే: రోడ్డు మీద నిలబడి చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా రైలు వెళ్లే చోటు ఇది. రెండడుగుల వెడల్పు పట్టాలు, 1881లో డార్జిలింగ్ చేరిన లైను, కర్సియాంగ్ బజారులో దుకాణాల ముందు నుంచి కూత పెట్టుకుంటూ పోయే బండి. న్యూ జల్పాయ్‌గురి నుంచి మొత్తం 88 కిలోమీటర్లు ఎక్కనక్కర్లేదు. డార్జిలింగ్–ఘూమ్ మధ్య ఆవిరి ఇంజనుతో నడిచే జాయ్‌రైడ్ చాలు. దారిలో బతాసియా దగ్గర లైను చుట్టు తిరుగుతుంది. ఘూమ్ 2,258 మీటర్ల ఎత్తున, దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను. జాయ్‌రైడ్ టికెట్టు దొరకకపోయినా నష్టం లేదు, రోడ్డు పక్కన నిలబడితే బండ్లన్నీ మీ ముందు నుంచే వెళ్తాయి.

నీలగిరా, డార్జిలింగా అని ఊగిసలాడేవాళ్లకు: కష్టపడి ఎక్కే ఇంజనును చూడాలంటే నీలగిరి. ఊళ్లో తిరిగే రైలును చూడాలంటే డార్జిలింగ్. మెదక్ నుంచో మదనపల్లె నుంచో బయల్దేరేవాళ్లకు మొదటిదే దగ్గర.

## ఎవరికి ఏది

చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లు రాజమహేంద్రవరమే ఎంచుకోండి. అరకు రెండో స్థానం. అయిదేళ్ల లోపు పిల్లలకు సొరంగాలు మొదటి పది దాకా సంబరం, తరువాత నిద్ర.

అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు వాళ్లనే అడగాలి. వాళ్లు పెరిగింది మీటర్‌గేజ్ మీదా, ప్రధాన లైను మీదా? గిద్దలూరు, మార్కాపురం వైపు వాళ్లకు నల్లమల దాటే ఒక పగటి బండి ఊటీ కంటే ఎక్కువ. మోకాళ్ల నొప్పులుంటే నీలగిరి వద్దు, విస్టాడోమ్ మంచిది.

ఒంటరిగా కెమెరాతో వెళ్లేవాళ్లకు అరకు లైను. బొర్రా గుహల స్టేషనులోనో అరకులోనో దిగి, రాత్రి ఆగి, మరునాడు ఖనిజం బండ్ల కోసం ప్లాట్‌ఫారం మీద తీరిగ్గా కూర్చోవచ్చు. రైలంటే పెద్దగా పట్టని జీవిత భాగస్వామితో వెళ్లేవాళ్లకు దూద్‌సాగర్. వాళ్లకు జలపాతం, ఆపైన గోవా. మీకు బ్యాంకర్ ఇంజన్లు.

నాలుగు రోజులున్నా రెండు చోట్లే పెట్టుకోండి. రాజమహేంద్రవరం ఒక రోజు, అక్కడి నుంచి విశాఖ, మరునాడు ఉదయం అరకు. రాజమహేంద్రవరం, విశాఖ ఒకే ప్రధాన మార్గం మీద ఉన్నాయి కాబట్టి ఈ జత బాగా కుదురుతుంది. నీలగిరిని దేనితోనూ కలపవద్దు, దానికదే ఒక ప్రయాణం.

ఇవేవీ ఇప్పట్లో కుదరనివాళ్లకు విజయవాడ ఉంది. విశాఖ, చెన్నై, కాజీపేట, గుంటూరు, గుడివాడ: అయిదు వైపుల నుంచి బండ్లు వచ్చే జంక్షను, పది ప్లాట్‌ఫారాలు. ఇంజన్ల పక్కన రాసి ఉండే షెడ్డు (ఇంజను బాగోగులు చూసే చోటు) పేర్లు చదవడం పిల్లలకు నేర్పండి. లాలాగూడ, విజయవాడ, ఈరోడ్, సాంత్రాగాచి అని చదువుకుంటూ ఒక ఇంజను ఎంత దూరం నుంచి వచ్చిందో పటంలో వెతికిస్తే సాయంత్రం తెలియకుండా గడిచిపోతుంది. గార్డు అనే ఉద్యోగం పేరు 2022లో ట్రైన్ మేనేజరుగా మారింది గానీ, పచ్చజెండా ఊపే చేతికి పిల్లలు చెయ్యి ఊపితే ఆయన ఇప్పటికీ తిరిగి ఊపుతారు. ప్లాట్‌ఫారం టికెట్టు 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. గూడ్సు కోసం ఆగి ఆలస్యమయ్యేలా ఉంటే ముందే ఇంకోటి కొని జేబులో వేసుకోండి.